కుడివైపు పల్లం

ముప్పయ్యారేళ్ల ఉద్యోగంలో నేను ఒక్క కొలత కూడా తప్పు రాయలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇక్కడ రాయబోయే నష్టం సరైన కొలతల వల్లే జరిగింది. మోటారు సైకిళ్ల షెడ్లలో ఇప్పుడిప్పుడే పానా పట్టుకుంటున్నవాళ్లు చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. చివర్లో మీతో నాకు ఒక పని కూడా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక డీలరు దగ్గర సర్వీసు షెడ్డుకి ఫోర్‌మన్‌గా ఉండేవాణ్ణి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఆ షెడ్డులోనే రిటైరయ్యాను. రోజూ సాయంత్రం షట్టరు దించే ముందు డైరీ రాయడం నా అలవాటు. వచ్చిన బండి, దాని జబ్బు, చేసిన పని, తీసుకున్న కొలతలు. రాసింది కొట్టెయ్యకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. పొరపాటుంటే మర్నాటి పేజీలో రాయాలి గానీ నిన్నటిది ముట్టుకోకూడదు. షెడ్డులో నన్నెవరూ పేరుతో పిలిచేవారు కాదు. ఫిట్టర్ల నుంచి టీ కుర్రాడి దాకా అందరికీ నేను డైరీ సాబ్‌నే.

ఎనభైల్లో ఒక ఉదయం రెండు సైలెన్సర్ల పాత బండి ఒకటి ఆయిలు మార్చడానికి వచ్చింది. వెనక రెండు వైపులా పాల క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలున్నాయి. కుడి ఫుట్‌రెస్టు కిందికీ ముందుకీ వంగిపోయింది. పక్కనున్న బ్రేకు పెడల్ కూడా అలాగే ఉంది. హ్యాండిల్ కుడి కొన వెనక్కి తిరిగింది. పాపం ఎక్కడో గట్టిగా పడ్డాడు అనుకున్నాను. మధ్యాహ్నం భోజనం కూడా వాయిదా వేసి, అన్నీ వేడి చేసి, స్పిరిట్ లెవల్ పెట్టి, కంపెనీ పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలా నిలబెట్టాను. బిల్లులో ఆ పనికి ఏమీ వెయ్యలేదు.

సాయంత్రం బండి యజమాని వచ్చాడు. నా వయసు వాడే. కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు. బండెక్కి కూర్చున్నాడు, వెంటనే దిగాడు.

“ఎవడు చక్కగ చేసిండు నా బండిని?”

“నేనేనండి. పడ్డట్టుంది కదా, మొత్తం వంకర పోయింది. ఉచితంగానే చేశాను.”

“పడలే సాబ్. నేనే వంచిన. కమ్మరోని కొలిమి కాడ నాల్రోజులు కూసొని వంచిన. నువ్వు ఒక్క పూటల ఖరాబ్ జేసినవ్.”

నాకు కోపం వచ్చింది. “ఏది ఎక్కడ ఉండాలో కంపెనీ వాళ్లకి తెలియదా?”

“కంపెనోళ్లకు బండి తెలుసు. నా మోకాలు తెల్వది గదా.”

షెడ్డంతా నవ్వింది. మా పెద్ద ఫిట్టరు ఇంజను మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు: “డైరీ సాబ్, రాస్కో. ఇయ్యాల మోకాలొకటి సర్వీసుకొచ్చింది.”

రాసుకున్నాను కూడా.

చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం ఆయన కుడికాలి మీద నుంచి వెళ్లిందట. ఊళ్లో కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు సగం వంపులోనే బిగుసుకుపోయింది. పూర్తిగా వంగదు, పూర్తిగా తిన్నగా రాదు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, హయత్‌నగర్ అవతల ఊళ్లలో పాలు పట్టి, కొత్తపేటలోనూ దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఇంటింటికీ పోసేవాడు. వానాకాలం ఆ బురద దారుల్లో నిండు క్యాన్లతో బండి నడపడం ఆయనకి బడి. ఆదివారాలు క్యాన్లు విప్పేసి మట్టి రేసులకి వెళ్లేవాడు. ఎల్‌బీనగర్ వెనక మొరం తవ్వి వదిలేసిన గుంతలుండేవి. గట్లూ దిబ్బలూ ఎర్ర దుమ్మూ. నగరంలో మోటారు సైకిల్ పిచ్చి ఉన్నవాళ్లంతా అక్కడ చేరేవాళ్లు. కొందరి బండ్లు బయట దేశాల నుంచి వచ్చినవి, కొందరికి తోలు బూట్లు, హెల్మెట్లు ఉండేవి. ఆయనవి పాల బండి, కాన్వాస్ బూట్లు.

నేను చక్కబెట్టిన బండిని మర్నాడు ఆయన చెప్పినట్టే మళ్లీ వంచాం. ఆయన కూర్చుని “ఇంక జర, ఇంక జర” అంటుంటే నేను పైపు పెట్టి వంచాను. చివరికి “బస్” అన్నాడు. అప్పుడు స్కేలు తీసి కొలిచాను. కుడి ఫుట్‌రెస్టు ఎడమ దానికంటే అంగుళమున్నర కిందికి, రెండంగుళాలు ముందుకి. పెడల్ దానికి తగ్గట్టు. హ్యాండిల్ కుడి కొన అరంగుళం వెనక్కి. వంకరకి కూడా కొలత ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మళ్లీ ఎవరూ దాన్ని చక్కబెట్టకుండా పేజీ పైన ఎర్ర సిరాతో గీత గీశాను.

ఆ ఆదివారం నన్ను గుంతల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత రెండేళ్లలో నేను మానేసిన ఆదివారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మలుపు దగ్గర అందరూ లోపలి కాలు కింద ఆనించి తిరిగేవాళ్లు. కుడి మలుపులో ఆయన ఆ పని చెయ్యలేడు. తుంటిని సీటులోకి నొక్కి, భుజం వాల్చి, కాలు తియ్యకుండానే తిరిగేవాడు. చూసేవాళ్లకి పడిపోతున్నట్టుండేది, పడేవాడు కాదు. మిగతావాళ్లు కాలు తీసి, పెట్టి, మళ్లీ వేగం అందుకునే లోపల ఈయన రెండు బండ్ల దూరం వెళ్లిపోయేవాడు. ‘కుడి మలుపులో నడుముతో తిప్పుతాడు’ అని ఆ రోజు రాసుకున్నాను. ఎలా తిప్పుతాడో అడగలేదు. కంటికి కనిపించింది రాస్తే చాలనుకునేవాణ్ణి.

రోజూ పాలు పోసి వెళుతూ షెడ్డులో ఆగేవాడు. ఆయన పాలతోనే మా టీ. ఒకసారి మాటల్లో అడిగాను, ఇన్ని కప్పులు గెలిచావు, ఇంకేం కావాలయ్యా అని.

“ఒక్క ఏడాది క్యాన్లు లేకుండ బండెక్కాలె సాబ్. ఆదివారం ఒక్కటి కాదు, దినాం. వెనక గా డబ్బల చప్పుడు ఇనకుండ.”

ఆ అవకాశం నిజంగానే వచ్చింది. బండి తయారు చేసే కంపెనీ తన రేసు జట్టులోకి ఒక మనిషిని తీసుకుంటుందనీ, మన వైపు నుంచి ఎవరైనా ఉంటే చూస్తామనీ మా యజమానికి ఉత్తరం వచ్చింది. నెల జీతం, బండ్లు వాళ్లవి, ఊళ్లు తిరిగి రేసులు చెయ్యడమే పని. మా యజమాని ఈయన పేరు పంపించాడు. వాళ్లు ఒక షరతు పెట్టారు: పరీక్ష కంపెనీ కొత్త బండి మీదే జరగాలి. ఇంజను ముట్టుకోకూడదు. ఫుట్‌రెస్టు, హ్యాండిల్ లాంటివి డీలరు మెకానిక్కు మనిషికి తగ్గట్టు సర్దుకోవచ్చు.

శనివారం మధ్యాహ్నం లారీలో కొత్త బండి దిగింది. ఆదివారం ఉదయం పరీక్ష. ఆయన పాత బండి నా దగ్గర వదిలి, ఆ రెండు పూటలూ పాలు బస్సులో వేసుకుని వెళ్లాడు. నేను రెండు బండ్లనీ పక్కపక్కన నిలబెట్టాను. డైరీ తెరిచి పెట్టుకుని, దారం కట్టి, స్కేలు పెట్టి, పాత బండిలో ఉన్న వంకరలన్నీ కొత్త బండిలోకి దించాను. అంత శ్రద్ధగా అంతకుముందు ఏ పనీ చెయ్యలేదు.

చివరికి మిగిలింది సీటు. పాతది మార్చి కొత్త బండికి పెట్టాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. రెండు బోల్టుల పని. కానీ పాత సీటుకి రెండు చోట్ల అతుకులు. పాల వాసన. కొత్త సీటు నల్లగా మెరిసిపోతోంది. ఇన్నాళ్లకి ఆయనకి కొత్త సీటైనా దక్కనీ అనుకుని వదిలేశాను. ప్రేమతోనే వదిలేశాను. అది కూడా రాసుకున్నాను.

ఆదివారం ఉదయం పాలు పోసి తిన్నగా గుంతల దగ్గరికి వచ్చాడు. కంపెనీ ఇంజనీరు అప్పటికే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, చేతిలో అట్ట, దానికి గుచ్చిన కాగితాలు. ఇంకా ఇద్దరు కుర్రాళ్లు పోటీలో ఉన్నారు. ఆయన కొత్త బండెక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కి అటూ ఇటూ కదిలాడు. ఒక చిన్న చుట్టు తిరిగి వచ్చి నా పక్కన ఆపాడు.

“ఏదో తేడా గొడ్తుంది సాబ్.”

“ఏ తేడా?”

“తెలుస్తలేదు. కాలు పరాయి కాలు లెక్క ఉంది.”

నేను డైరీ తీశాను. ఒక్కొక్కటే చదివాను. ఫుట్‌రెస్టు అంగుళమున్నర కిందికి. చూడు. రెండంగుళాలు ముందుకి. చూడు. పెడల్, హ్యాండిల్, అన్నీ. ప్రతిదానికీ స్కేలు పెట్టి చూపించాను. “కొత్త బండి కదా, బెదురుగా ఉంటుంది. కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు” అన్నాను.

ఆయన డైరీ వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. “నువ్వు రాసినవంటే కరెక్టే ఉంటది తీ” అని బండి తిప్పుకుని వెళ్లాడు.

మొదటి నాలుగు చుట్లు ఆయనే ముందున్నాడు. కానీ కుడి మలుపుల్లో నేనెరిగిన మనిషి కనిపించలేదు. బండి మీద కూర్చున్నట్టుంది గానీ బండిలో ఉన్నట్టు లేదు. ఐదో చుట్టులో పెద్ద దిబ్బ ఎగిరి దిగాడు. దిగిన వెంటనే కుడి మలుపు. అక్కడ కుడికాలు బ్రేకు మీద పడాలి. పాదం పెడల్ పైన గాలిలో వెతుక్కోవడం నేను నిలబడ్డ చోటి నుంచి కనిపించింది. అరక్షణం. బండి తిన్నగా పోయి గట్టుని గుద్దుకుంది.

దెబ్బలు పెద్దవి కావు. మోచెయ్యి గీరుకుపోయింది, పెదవి చిట్లింది. లేచి, దుమ్ము దులుపుకుని, ముందు బండిని లేపి నిలబెట్టాడు. తర్వాత ఇంజనీరు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని “నాదే తప్పు సార్” అన్నాడు. ఇంజనీరు మంచివాడే. భుజం తట్టాడు. ఆయన అటు వెళ్లాక మా యజమానితో అన్నాడు: “మంచి రైడరేనండి. కానీ ఆ కాలుతో కష్టం.” అట్ట మీద కాగితంలో ఏదో రాశాడు.

ఆ సాయంత్రం నేనూ రాశాను. ‘కాలు సహకరించలేదు.’

ఆ కాలుతోనే రెండేళ్ల పాటు ఆయన గెలిచిన రేసులన్నీ అదే చేత్తో అవే డైరీల్లో రాసినవాణ్ణి నేను. అయినా అలా రాశాను. కొలతలు తప్పు కానప్పుడు తప్పు మనిషిదే అయ్యుండాలని అంత తేలిగ్గా అనుకున్నాను.

మూడు నెలల తర్వాత వానల్లో ఆయన పాత సీటు అతుకులు పూర్తిగా విడిపోయాయి. నీళ్లు దిగుతున్నాయి, కొత్త రెక్సిన్ వెయ్యమని బండి వదిలి వెళ్లాడు. నేనే విప్పాను. రెక్సిన్ లాగేసరికి లోపలి స్పాంజి బయటపడింది. ఎడమవైపు నిండుగా ఉంది. కుడివైపు పల్లంగా కోసి ఉంది. కత్తి గాట్లు వరసగా, ఓపికగా, తుంటి ఆకారానికి సరిగ్గా. స్కేలు పెట్టాను. అంగుళంపావు లోతు.

మిగతా కథ నాకు నేనే చెప్పుకున్నాను. సగం వంపులో బిగుసుకున్న మోకాలు. ఆ కాలు పొడవు పెరగదు, తరగదు. తుంటి ఎక్కడ కూర్చుంటే పాదం దానికి తగ్గట్టే ఆగుతుంది. కొత్త సీటు తుంటిని అంగుళంపావు పైకి లేపింది. పాదం పెడల్‌కి అంతే పైన ఆగిపోయింది. నేను కొలిచిన ప్రతి కొలతా ఆ పల్లంలో కూర్చున్న మనిషిది. ఆ పల్లాన్ని మాత్రం నేను కొలవలేదు.

ఆయన వచ్చేదాకా ఆ సీటు ముందే కూర్చున్నాను.

“ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదయ్యా?”

వంగి చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. “గిదా? ఇరానీ హోటల్ల రొట్టె కోసే కత్తి అడుక్కొచ్చి కోసిన. ఎప్పటిదో. గది చెప్పేదేముంది సాబ్? లోపలి బనీను ముచ్చట ఎవనికన్న చెప్తమా?”

“నువ్వు పడిపోయింది దీని వల్ల. నీ కాలు వల్ల కాదు.”

ఆయన పల్లంలో అరచెయ్యి పెట్టి అలాగే ఉంచాడు.

“ఆ రోజు తేడా ఉందన్నావు కదా. మరి గట్టిగా ఎందుకు అనలేదు? ఎక్కనని అనాల్సింది.”

“నువ్వు రాసుకున్నవ్ గదా. నేనేమో ఉత్తగ కూసున్న. రాసినోని మాట ముంగట కూసున్నోని మాట ఎట్ల నిలవడ్తది సాబ్?”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇన్నేళ్లలో ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

కంపెనీకి ఉత్తరం రాద్దామని యజమాని దగ్గరికి వెళ్లాను. “వాళ్లు వేరేవాణ్ణి తీసేసుకున్నారండీ. ఇప్పుడు మనం ఇది రాస్తే, మన షెడ్డుకి బండి సర్దడం రాదనుకుంటారు. మీకే మాట వస్తుంది” అన్నాడు. అయినా ఉత్తరం రాశాను. రెండు పేజీలు, కొలతలతో సహా. పోస్టు చెయ్యలేదు. ఉద్యోగం గురించి భయపడ్డాను. ఆ రోజు పేజీలో ఆ మాటే ఉంది.

ఆయన సీటుకి కొత్త స్పాంజి నేనే కోశాను, ఆయన్ని పది సార్లు కూర్చోబెట్టి, స్కేలు జేబులోంచి తియ్యకుండా. “బస్” అన్నప్పుడు ఆపాను. కానీ ఆదివారాలకి ఆయన రావడం తగ్గింది. ఇంజనీరు మాట ఎలాగో ఆయన చెవిన పడింది. అంతకుముందు ఆ కాలు గురించి ఎవరేమన్నా నవ్వేసేవాడు. ఆ తర్వాత నడిచేటప్పుడు ఎవరైనా చూస్తున్నారా అని చూసుకోవడం మొదలుపెట్టాడు. పాకెట్ పాలు వచ్చాయి. కొత్తపేటలో ఒక్కో ఇల్లే ఆయన్ని మానేసింది. మొరం గుంతలు పూడ్చి ప్లాట్లు వేశారు. ఒక రోజు నడుచుకుంటూ షెడ్డుకి వచ్చాడు.

“బండి అమ్మిన సాబ్. కొన్నోడు మొత్తం చక్కగ చేయించుకుండంట.”

టీ తాగి వెళ్లాడు. తర్వాత రాలేదు. హయత్‌నగర్ అవతల ఊళ్లలో రెండుసార్లు వెతికాను. ఇల్లు ఖాళీ చేశారన్నారు.

ముప్పై ఏళ్లు దాటాయి. నేను వనస్థలిపురంలో ఉంటున్నాను. ఎప్పుడైనా మెట్రో ఎక్కడానికి ఎల్‌బీనగర్ వస్తే, పైన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ దిబ్బ ఎక్కడుండేదో చూస్తాను. అంతా అపార్టుమెంట్లు. మలుపు మాత్రం పట్టుకోగలను. అక్కడ రోడ్డు ఇప్పటికీ కుడికి తిరుగుతుంది. రెండు స్ట్రోకుల ఇంజను చప్పుడు, కాలిన నూనె వాసన, ఎర్ర దుమ్ములోంచి బయటికొచ్చే ఆ వాలిన భుజం. వాటి కోసం ఎంత మొహం వాచి ఉన్నానో నా డైరీలు చూస్తే తెలియదు. వాటిలో కొలతలే ఉన్నాయి.

మొన్న చలికాలంలో బంధువులింటికి బస్సులో వెళుతున్నాను. హయత్‌నగర్ డిపో దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే టీ కొట్టు ముందు ఒక పాత స్కూటీ ఉంది. కుడివైపు కాలు పెట్టే చోటు కోసి, కిందికీ ముందుకీ ఒక ఇనుప రేకు వెల్డింగ్ చేసి ఉంది. హ్యాండిల్ కుడి కొన కొద్దిగా వెనక్కి. సీటు ఎడమవైపు నిండుగా, కుడివైపు పల్లంగా.

డ్రైవరుని ఆపమనేసరికి బస్సు కదిలింది. తర్వాతి స్టాపులో దిగి, ఈ వయసులో ఎంత వేగంగా నడవగలనో అంత వేగంగా వెనక్కి వచ్చాను. స్కూటీ లేదు. టీ కొట్టాయనని అడిగాను.

“గా వంకర బండా? ఇప్పుడే పాయె. నిమిషం ముందొస్తే దొరుకుతుండె.”

“ఎవరిది బాబూ?”

“పేరు తెల్వది. ముసలాయన. కుడికాలు గుంజుకుంట నడుస్తడు. మందులకొస్తడు అప్పుడప్పుడు.”

“ఏ రోజుల్లో వస్తాడు?”

“మంగళారమో బుధారమో. నేనేమన్న రాసిపెట్టుకుంటున్ననా పెద్దమనిషీ?”

అప్పటి నుంచి మంగళ, బుధవారాలు ఆ కొట్టు బల్ల మీద కూర్చుంటున్నాను. టీ కొట్టాయన ఇప్పుడు నాకు చక్కెర లేకుండా తనే ఇస్తాడు. స్కూటీ మళ్లీ కనిపించలేదు.

అందుకే మీతో పని. హయత్‌నగర్‌లోనో, వనస్థలిపురంలోనో, ఇంకా అవతలో మీ షెడ్డుకి ఎప్పుడో ఒకసారి ఆ బండి రావచ్చు. చూడగానే మీ చెయ్యి సరిచెయ్యబోతుంది. ఆగండి. ఆయన్ని కూర్చోమనండి. ఎలా ఉందని అడగండి. ఏదో తేడా ఉందని ఆయన అంటే, మీ స్కేలు ఏం చెప్పినా సరే, ఆయన మాటే నమ్మండి. కొత్త సీటు కవరు వెయ్యాల్సి వస్తే కుడివైపు పల్లాన్ని నింపకండి.

తర్వాత, వీలుంటే, ఒక్క మాట చెప్పండి. డైరీ సాబ్ ఇక్కడే ఉన్నాడనీ, ఆ ఆదివారం పేజీలో కాలు గురించి రాసిన వాక్యాన్ని కొట్టేశాడనీ.